సైరన్‌ను చప్పుడు కాకుండా పరీక్షించడం ఎలా?

రమజాన్ దగ్గరపడుతోందంటే మన మసీదుల్లో ముందు సున్నాలు పడతాయి, జానమాజులు ఉతుకుతారు, షామియానా అతనికి కబురు వెళుతుంది. మిద్దె మీద పదకొండు నెలలు ఎండకు ఎండి వానకు తడిసిన సైరన్ మాత్రం నెలవంక కనబడిన రాత్రి దాకా ఎవరికీ గుర్తు రాదు. తరావీహ్ నమాజు అయ్యాక ఎవరో ఒకరు "సైరన్ పనిచేస్తోందా?" అని అడుగుతారు. ఆ వేళప్పుడు మోగించి చూడలేం. చూడకుండా వదిలేస్తే తెల్లవారుజామున సహరీ వేళకు అది గుర్రుమని ఆగిపోవచ్చు. రెండూ ఇబ్బందే.

ఈ ఇబ్బందికి విరుగుడు ఉంది. సైరన్‌ను ఇంటికి తెచ్చి, పక్కింటి పసిపాప నిద్ర చెడకుండా, దానిలోని ప్రతి భాగాన్నీ పరీక్షించవచ్చు. మేము పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాళ్లం కాబట్టి ఇది పాఠంలాగే రాస్తున్నాం. సైరన్లు కొనిచ్చేది దాతలు గనుక ఈ పాఠం ముందుగా దాతలకే చేరాలని మా ఆశ.

గడియారాలు, సెల్‌ఫోన్లు ఇంటింటా ఉన్న కాలంలో సైరన్ ఇంకా ఎందుకని కొందరు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. ఒకప్పుడు వీధి వీధి తిరిగి దఫ్ వాయిస్తూ సహరీకి లేపే ఫకీర్లు ఉండేవారు. మధ్యప్రదేశ్‌లోని రాయసేన్ కోట మీద నేటికీ రమజాన్‌లో ఫిరంగి పేలుస్తారు. నల్లగొండ, పాలమూరు పట్టణాల్లో ఆ పని సైరన్ చేస్తోంది. ఒంటరిగా ఉండే ముసలమ్మకు, తోపుడు బండి దగ్గర ఖర్జూరం చేతిలో పట్టుకుని నిలబడిన మనిషికి, రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌కు ఆ కూతే గడియారం. రోజా లేని ఇరుగుపొరుగు వారు కూడా "సైరన్ కూసింది, పొద్దు గూకింది" అని పొయ్యి వెలిగించుకుంటారు.

కూత గడియారం అయినప్పుడు వేళగాని కూత అబద్ధం అవుతుంది. రమజాన్‌లో సాయంత్రం అయిదున్నరకు ఎవరో మరమ్మతు చేస్తూ ఇంట్లో సైరన్ ఒక్కసారి మోగించారనుకోండి. ఆ మొహల్లాలో కనీసం నలుగురు నోట్లో నీళ్లు పోసుకుంటారు. సూర్యుడు కుంకకముందే విడిచిన రోజాకు ఖజా తీర్చాల్సిందే. మోటారు బాగుందో లేదో తెలుసుకోవాలన్న ఒక్క మనిషి తొందరకు నలుగురి రోజాలు పోతాయి. అందుకే సైరన్‌ను నిశ్శబ్దంగా పరీక్షించడం మర్యాద మాత్రమే కాదు, అమానత్ కూడా అంటున్నాం.

వేళ సంగతి వచ్చింది గనుక చిన్న లెక్క. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. నల్లగొండకూ మహబూబ్‌నగర్‌కూ రేఖాంశంలో సుమారు ఒకటింబావు డిగ్రీ తేడా. అంటే నల్లగొండలో పొద్దు గూకిన దాదాపు 5 నిమిషాలకు గానీ మహబూబ్‌నగర్‌లో గూకదు. హైదరాబాద్ ఈ రెంటికీ నడుమ ఉంది. హైదరాబాద్ టైంటేబుల్ చూసి పాలమూరులో సైరన్ నొక్కితే అది సుమారు 2 నిమిషాలు ముందు మోగినట్టే. గోడకు అంటించే కాగితం మీద ఊరి పేరు చూసి మరీ అంటించండి.

ఇక సైరన్ లోపలికి వెళదాం.

సైరన్ పుట్టింది అరవడానికి కాదు, లెక్కపెట్టడానికి. పద్దెనిమిదో శతాబ్దం చివర జాన్ రాబిసన్ అనే స్కాట్లండ్ శాస్త్రజ్ఞుడు గాలిని తుంచి తుంచి వదిలితే స్వరం పుడుతుందని చూపాడు. 1819లో ఫ్రాన్సుకు చెందిన కాన్యార్ ద లా తూర్ చిల్లుల పళ్లెంతో ఒక పరికరం చేసి, ఒక స్వరానికి సెకనుకు ఎన్ని కంపనాలో దానితో లెక్కకట్టాడు. అది నీళ్లలో కూడా పాడింది. అందుకని గ్రీకుల కథల్లో సముద్రంలో పాడి నావికులను మోసగించే సైరన్ల పేరు పెట్టాడు.

మసీదు మిద్దె మీద ఉండే సైరన్ దానికి పెద్దన్న. మోటారు ఇరుసుకు ఒక చక్రం ఉంటుంది, దానికి రెక్కలు, అంచున కిటికీలు. దాని చుట్టూ కదలని డొల్ల, దానికీ అన్నే కిటికీలు. చక్రం తిరిగితే నడిమి నుంచి గాలి లోపలికి వచ్చి అంచు నుంచి బయటికి తోసుకుపోతుంది. కిటికీకి కిటికీ ఎదురైతే గాలి బయటపడుతుంది, తప్పుకుంటే ఆగుతుంది. ఇలా సెకనుకు వందలసార్లు గాలి తెగడమే కూత. మన కరెంటు 50 హెర్ట్‌జ్ గనుక రెండు పోల్‌ల మోటారు నిమిషానికి 3000 చుట్ల కంటే కాస్త తక్కువ తిరుగుతుంది. 2880 చుట్లు అనుకుంటే సెకనుకు 48. చక్రానికి 10 కిటికీలుంటే 48ను పదితో గుణించండి: 480 హెర్ట్‌జ్. స్విచ్చి వేయగానే కూత కింది నుంచి పైకి ఎక్కడానికి, ఆపగానే మెల్లగా జారడానికి కారణం ఇదే. వేగం మారితే స్వరం మారుతుంది.

దీన్ని తరగతిలో చూపడానికి సైరన్ అక్కర్లేదు. అట్టముక్కను గుండ్రంగా కత్తిరించి, అంచు పొడవునా సమాన దూరంలో చిల్లులు పొడిచి, నడుమ పెన్సిల్ గుచ్చి బొంగరంలా తిప్పుతూ చిల్లుల మీదికి కూల్‌డ్రింక్ స్ట్రాతో ఊదమంటే తొమ్మిదో తరగతి పిల్లలు అయిదు నిమిషాల్లో సైరన్ చేసేస్తారు. ఊదడం ఆపితే అట్ట తిరుగుతూనే ఉంటుంది, కూత ఉండదు. మన పరీక్షకు కీలకం అక్కడే ఉంది. చక్రం తిరగడం వేరు, కూత పుట్టడం వేరు. గాలిని ఆపితే చక్రం తిరుగుతున్నా గొంతు పెగలదు.

పరీక్షకు ముందు మీ సైరన్ ఏ జాతిదో తెలుసుకోవాలి. మన దగ్గర రెండు రకాలు కనబడతాయి. చేతిలో పట్టే చిన్న సైరన్‌లో మిక్సీలో ఉండే తరహా మోటారు ఉంటుంది, దానికి కార్బన్లు ఉంటాయి. పెద్ద సైరన్‌లో నీళ్ల మోటారులాంటి ఇండక్షన్ మోటారు. చప్పుడు తగ్గించే ఉపాయం ఒకదానికి మంచిదైతే మరొకదానికి చెరుపు చేస్తుంది. ఈ తేడా తెలియకుండా చెయ్యి పెట్టవద్దు.

మొదటి పరీక్షకు కరెంటే వద్దు. ప్లగ్గు పీకి, కండెన్సర్ ఉంటే దానిలో నిలిచిన కరెంటును ఎలక్ట్రీషియన్‌తో తీయించి, చక్రాన్ని చేత్తో తిప్పండి. సాఫీగా తిరగాలి. ఎక్కడైనా గీరుకుంటే తుప్పో, వంగిన రెక్కో, కందిరీగల గూడో ఉన్నట్టు. పిచ్చుకలు ఇంత చల్లని గుహ దొరికితే ఊరుకుంటాయా! గూట్లో గుడ్లుంటే పిల్లలు ఎగిరిపోయే దాకా ఆగే వ్యవధి ఉండాలి. అందుకే ఈ పని షాబాన్ నెల మొదట్లోనే పెట్టుకోమంటాం. ఇరుసును పైకీ కిందికీ కదిపి చూస్తే బేరింగు అరుగుదల చేతికే తెలుస్తుంది. సైరన్‌లో సగం రోగాలు ఇక్కడే బయటపడతాయి, ఒక్క చప్పుడు లేకుండా.

రెండోది తీగల పరీక్ష. మల్టీమీటరుతో చుట్టలు తెగలేదని చూడాలి, మెగ్గరుతో చుట్టకూ ఇనుప డొల్లకూ మధ్య ఇన్సులేషన్ చూడాలి. ఒక మెగాఓమ్ కంటే తక్కువ చూపితే వానతేమ లోపలికి దిగిందన్నమాట. ఎండబెట్టి మళ్లీ చూడాలి, అప్పటికీ పెరగకపోతే రీవైండింగుకు పంపాలి. ఎర్త్ తీగ లేకుండా మాత్రం ఏ సైరన్‌నూ మిద్దె ఎక్కించవద్దు. దాని స్విచ్చి నొక్కేది తరచుగా మౌజన్ సాబే, అదీ వజూ చేసిన తడి చేతులతో.

మూడోది తిప్పి చూడడం. నిశ్శబ్దం అవసరమయ్యేది ఇక్కడే.

చిన్న సైరన్ అయితే వేగం తగ్గించడమే మార్గం. దాని వరుసలో ఒక ఫిలమెంటు బల్బు కలపండి, ఎలక్ట్రీషియన్లు సిరీస్ ల్యాంపు అనేది అదే. సైరన్ ఎన్ని వాట్లో బల్బు కూడా దాదాపు అన్ని వాట్లది పెడితే ఓల్టేజీ రెంటికీ పంచుకుపోతుంది. చక్రం మెల్లగా తిరిగి పిల్లి గుర్రు పెట్టినంత చప్పుడు చేస్తుంది. బల్బు అసలు వెలగకపోతే తీగ తెగింది లేదా కార్బన్లు అరిగాయి. సైరన్ కదలకుండా బల్బు పూర్తి కాంతితో వెలిగితే లోపల షార్టు ఉండవచ్చు లేదా చక్రం బిగుసుకుపోయి ఉండవచ్చు. డిమ్మర్‌స్టాట్ ఉంటే ఇంకా మేలు. కానీ ఈ జాతి సైరన్‌కు గాలి దారి మూసి పూర్తి ఓల్టేజీ ఇవ్వకూడదు. గాలిని తోసే బరువు తగ్గితే ఈ మోటారు పట్టపగ్గాలు లేకుండా వేగం పెంచుకుంటుంది. ఖాళీ మిక్సీ ఎలా కీచుమంటుందో గుర్తు తెచ్చుకోండి.

పెద్ద సైరన్‌కు ఇది సరిగ్గా తలకిందులు. ఇండక్షన్ మోటారుకు ఓల్టేజీ తగ్గిస్తే తిరగలేక గుర్రుమని వేడెక్కి చుట్ట మాడుతుంది. బల్బు పరీక్ష కూడా దీనికి సరిపడదు. ఒక హార్స్‌పవర్ మోటారు బాగున్నా సరే నిలబడి ఉన్నప్పుడు బల్బును నిండుగా వెలిగిస్తుంది, దాన్ని చూసి మోటారు పోయిందని దిగులు పడినవాళ్లు ఉన్నారు. దీనికి గాలి దారి మూయడమే సరైన ఉపాయం. గాలి లోపలికి వచ్చే నోటికి బయటి వైపున ప్లైవుడ్ ముక్క గట్టిగా బిగించండి. గుడ్డ, టేపు, థర్మోకోల్ వాడవద్దు, చక్రం వాటిని లోపలికి లాగేసుకుంటుంది. గాలి రాకపోతే తోయడానికేమీ ఉండదు, మోటారు మీద బరువు తగ్గుతుంది, కూత చాలావరకు చచ్చిపోతుంది. ఈ మోటారుకు కరెంటు కళ్లెం వేసి ఉంది గనుక వేగం నిమిషానికి 3000 చుట్లు దాటదు. మోటారు ఒంటరిగా ఎలా ఉందో చూడాలంటే చక్రాన్ని విప్పి పక్కన పెట్టి కూడా తిప్పవచ్చు.

సైరన్‌ను గోనెసంచి మడత మీద పెట్టి, తలుపులకు బొంతలు వేలాడదీసి, ఒకటి రెండు నిమిషాలు తిప్పితే చాలు. బొంతను మోటారుకే చుట్టవద్దు, ఊపిరాడక వేడెక్కుతుంది. ఆ రెండు నిమిషాల్లో టాంగ్ టెస్టరుతో ఆంపియర్లు చూడండి. గాలి మూసి ఉన్నప్పుడు అది పేరు పలక మీది అంకెకు తక్కువే చూపాలి, ఎక్కువ చూపితే బేరింగు పట్టేస్తోందనో చుట్టలో లోపం ఉందనో అనుమానించాలి.

ఆ తర్వాత స్విచ్చి ఆపి గడియారం పట్టుకోండి. చక్రం పూర్తిగా ఆగడానికి ఎన్ని సెకన్లు పట్టింది? ఇది మాకు అన్నింటికంటే ఇష్టమైన పరీక్ష, ఎందుకంటే దీనికి పరికరం లేదు, ఖర్చు లేదు, పిల్లలు కూడా చేయగలరు. పోయిన ఏడాది 40 సెకన్లు పట్టి ఈ ఏడాది 15 సెకన్లకే ఆగిందనుకోండి. గ్రీజు గట్టిపడింది, బేరింగు బిగుసుకుంది అని సైరన్ తానే చెప్పినట్టు. కాకపోతే పోయిన ఏడాది అంకె ఎవరైనా రాసి ఉంచాలి.

ఇంట్లో పూర్తి గొంతుతో మోగించడం ఎందుకు వద్దంటున్నామో కూడా లెక్కతో చూద్దాం. సైరన్ నుంచి మీటరు దూరంలో 120 డెసిబెల్స్ ఉందనుకుందాం. బయలులో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 డెసిబెల్స్ తగ్గుతాయి. 2 మీటర్లకు 114, 4 మీటర్లకు 108, అలా లెక్కపెడుతూ పోతే 500 మీటర్ల దగ్గర 66. అంటే అర కిలోమీటరు అవతల కూడా ఇద్దరు మాట్లాడుకునేంత చప్పుడు మిగిలే ఉంటుంది. గదిలోనైతే గోడలు చప్పుడును తిప్పికొడతాయి, దూరం జరిగినా పెద్దగా తగ్గదు. 100 డెసిబెల్స్ చప్పుడును పావుగంటకు మించి వినడం చెవులకు హాని. ఆపై ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ వ్యవధి సగమవుతుంది. 120 దగ్గర లెక్క కొన్ని సెకన్లకు దిగిపోతుంది. మరమ్మతు చేసే కుర్రవాడు మాత్రం ఆ సైరన్ మీదే వంగి ఉంటాడు.

చట్టం కూడా ఉంది. 2000 సంవత్సరపు ధ్వని కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ హద్దు. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. సహరీ వేళ ఆ హద్దులోకే వస్తుంది. కనుక అధికారుల అనుమతితో, సైరన్ ముఖం సరైన దిక్కుకు తిప్పి, కూతను వీలైనంత పొట్టిగా ఉంచుకోవడం మన బాధ్యత. 2024లో మార్చి 12న రమజాన్ మొదలైతే 18న పదో తరగతి పరీక్షలు మొదలయ్యాయి. 2025లోనూ రోజాల నడుమనే, మార్చి 21న మొదలయ్యాయి. రాత్రంతా చదివి అప్పుడే కన్ను మూసిన పిల్లవాడు ఏ మతం ఇంటివాడైనా మా పిల్లవాడే. అతన్ని రెండు నిమిషాల కూతతో లేపాలా, ఇరవై సెకన్ల కూత చాలదా అని ప్రతి కమిటీ ఆలోచించాలి. మా మాట అడిగితే ఇరవై సెకన్లు చాలు.

మూసిన నోటితో ఎన్ని చూసినా ఒక్కటి మిగిలిపోతుంది: కూత ఊరి చివరిదాకా వినబడుతుందా అన్నది. దానికి మాత్రం నిజంగా మోగించాలి. చిన్నమాటగా తీసేయవలసిన పరీక్ష కాదిది. 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో లార్జీ జలవిద్యుత్ ప్రాజెక్టు నుంచి వదిలిన నీళ్లు హైదరాబాద్‌కు చెందిన 24 మంది ఇంజినీరింగ్ విద్యార్థులను బియాస్ నదిలో తీసుకుపోయాయి. ముందుగా సైరన్ మోగిందా, మోగినా ఏటి నడుమ రాళ్ల మీద ఉన్న పిల్లలకు వినబడే వీలుందా అన్న ప్రశ్న ఆ తర్వాత ఎన్నాళ్లో నలిగింది. నాగార్జునసాగర్, జూరాల కింద కృష్ణ ఒడ్డున బతికే మన పల్లెలకు ఈ ప్రశ్న కొత్తది కాదు. గేట్లు ఎత్తేముందు మోగే కూత ఎక్కడిదాకా చేరుతుందో అక్కడిదాకే అది కాపాడుతుంది.

ఆ ఒక్క మోతను ఎలా జరపాలో ఇతర దేశాలు చూపాయి. ఫ్రాన్సులో నెలకు ఒకసారి, మొదటి బుధవారం మధ్యాహ్నం సైరన్లు మోగిస్తారు. నెదర్లాండ్స్‌లో మొదటి సోమవారం మధ్యాహ్నం. తేదీ అందరికీ తెలుసు గనుక ఎవరూ ఉలిక్కిపడరు. అమెరికాలో తుపాను సైరన్లకు మరో పద్ధతి ఉంది: స్విచ్చిని ఒకటి రెండు సెకన్లు మాత్రమే వేసి తీసేస్తారు, సైరన్ కింది స్థాయిలో ఒక్కసారి గుర్రుమని ఆగిపోతుంది. 2025 మే 7న హైదరాబాద్‌లో పౌర రక్షణ మాక్ డ్రిల్ సైరన్లు సాయంత్రం 4 గంటలకు మోగినప్పుడు కూడా ముందే టీవీల్లో, పత్రికల్లో చెప్పి మోగించారు.

మన పద్ధతి ఇలా ఉండవచ్చు. షాబాన్ నెలలో ఒక ఆదివారం ఉదయం పదకొండు గంటలు. ముందు శుక్రవారం జుమా తర్వాత ప్రకటన, పక్క గుడి పూజారి గారికీ, దగ్గరి ఆసుపత్రికీ, పోలీస్ స్టేషన్‌కూ స్వయంగా వెళ్లి చెప్పడం. మిద్దె మీద స్విచ్చి దగ్గర ఒకరు, ఊరికి నాలుగు దిక్కులా ఒక్కో పిల్లవాడు ఫోన్ పట్టుకుని. పది సెకన్ల మోత. వినబడిందో లేదో నలుగురూ చెబుతారు. అదే రోజు కరెంటు తీసేసి జనరేటరు మీద ఒకసారి స్విచ్చి వేసి చూడాలి, ఈసారి ప్లైవుడ్ మూతతో. ఒక హార్స్‌పవర్ మోటారు తిరిగేటప్పుడు సుమారు 6 ఆంపియర్లే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో దానికి అయిదారు రెట్లు లాగుతుంది. ఇంటి ఇన్వర్టరు అక్కడే చేతులెత్తేస్తుంది. సహరీ వేళ కరెంటు పోయాక ఈ సంగతి తెలిసి ప్రయోజనం లేదు.

ఇక దాతలతో ఒక మాట. సైరన్ కొనివ్వడానికి దాత దొరుకుతాడు, దాని మీద ఆయన తండ్రిగారి పేరు రాస్తాం, సంతోషం. బేరింగుకు దాత దొరకడు. డబ్బా గ్రీజుకు, జత కార్బన్లకు, ఎలక్ట్రీషియన్ పూట కూలికి చందా అడిగితే "అదెంత, కమిటీయే పెట్టుకోవాలి" అంటారు. కొత్త సైరన్ ఇచ్చే ముందు పాతదానికి పై పరీక్షలు జరిగాయా అని ఒక్కసారి అడగండి. చాలాసార్లు పాతదానికి కావలసింది పిచ్చుకగూడు తీసి శుభ్రం చేయడమే. మిగిలిన డబ్బుతో మన ఐటీఐ పిల్లలకు ఒక మెగ్గరు, ఒక టాంగ్ టెస్టరు కొనివ్వవచ్చు. అవి రమజాన్‌లో సైరన్‌కూ, మిగతా నెలల్లో వాళ్ల జీవనానికీ పనికొస్తాయి.

సైరన్ పక్కనే గోడకు ఒక నోటుబుక్కు వేలాడదీయమని మా సలహా. పరీక్ష తేదీ, చూపిన ఆంపియర్లు, చక్రం ఆగడానికి పట్టిన సెకన్లు, చేసినవారి సంతకం, ఇంతే అందులో రాయవలసింది. మొదటి పేజీలో సైరన్ ఇచ్చిన దాత పేరు ఉండనే ఉంటుంది. రెండో పేజీ గ్రీజుకూ, బేరింగుకూ ఇచ్చినవారి పేర్ల కోసం ఖాళీగా ఉంచండి.